వానాకాలంలో హైదరాబాద్–విజయవాడ హైవే మీద కారు ప్రయాణం: నా అనుభవం

ఈ వానల్లో పిల్లలతో హైదరాబాద్ నుంచి విజయవాడ కారులో వెళ్లాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు. మా అత్తగారిది నందిగామ. ఏటా వానాకాలంలో ఈ దారిన తిరుగుతూనే ఉంటాను.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటే: రోడ్డు మీద నీళ్లు పారుతుంటే కారు దింపకండి. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద ఈ హైవే మీదికే నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. జాతీయ రహదారికే ఆ గతి పడితే, లోపలి ఊళ్లకు వెళ్లే లోలెవల్ వంతెనల సంగతి వేరే చెప్పాలా? వాగు దగ్గర నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరు "ఇప్పుడే ట్రాక్టర్ పోయిందండీ, ఏం కాదు, పోనీయండి" అంటారు. వాళ్లు మంచికే చెబుతారు, కానీ వినకండి. ట్రాక్టర్ చక్రం ఎత్తెంత, మన కారు ఎత్తెంత! అడుగు లోతు నీళ్లు జోరుగా పారుతుంటే చాలు, చిన్న కారు తేలి పక్కకు కొట్టుకుపోతుంది. పైగా ఆ ఎర్రనీళ్ల కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో కనపడదు. వెనక్కి తిప్పి సూర్యాపేటలోనో కోదాడలోనో లాడ్జి తీసుకోండి. ఒక రాత్రి ఆలస్యమైతే ఏమీ కాదు.

నిలిచిన నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. నీళ్లు లోపలికి లాక్కుని ఇంజన్ పాడైపోతుంది. మామూలు ఇన్సూరెన్స్‌లో ఆ నష్టం సాధారణంగా రాదు, ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోవాలి.

ఇక టైర్లు. గాడుల మధ్య అడ్డంగా చిన్న రబ్బరు గడ్డలు ఉంటాయి చూడండి. టైరు వాటితో సమానంగా అరిగిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. వానకు ఆ టైరు అస్సలు పనికిరాదు, అంతదాకా రానీయకుండా ముందే మార్చేయండి. నీళ్ల మీద స్పీడుగా పోతున్నప్పుడు స్టీరింగ్ ఉన్నట్టుండి చేతిలో తేలికైపోతే, టైరు రోడ్డును వదిలేసిందని అర్థం. అప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కకండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిప్పకుండా పట్టుకోండి. అసలు 60 దాటకుండా వెళ్తే ఆ టెన్షనే చాలావరకు ఉండదు.

పిల్లలతో అద్దాలన్నీ మూసుకుంటే లోపల ఆవిరి పట్టేస్తుంది. గుడ్డతో తుడుస్తూ నడపకండి. ఏసీ వేసి, గాలిని ముందు అద్దం మీదికి తిప్పి, బయటి గాలి లోపలికొచ్చే బటన్ నొక్కితే కాసేపట్లో అద్దం శుభ్రమవుతుంది.

ఇంకోటి, దయచేసి నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపకండి. వెనకవాడికి మీరు ఆగారో, లేన్ మారుతున్నారో తెలియదు. లో బీమ్‌లో హెడ్‌లైట్లు వేసుకుంటే చాలు.

నేనైతే బయల్దేరే ముందు నందిగామలో మావాళ్లకు ఫోన్ చేసి మున్నేరు ఎలా ఉందో కనుక్కుంటాను. మీకూ దారిలో తెలిసినవాళ్లుంటే అలాగే అడగండి. తెల్లవారగానే బయల్దేరితే చీకటి పడకముందే చేరిపోతారు.