రిపోర్టుల పనిలో ఉండిపోతే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: డిగ్రీ అయ్యాక ఒక చిన్న కంపెనీలో చేరాను. డేటాబేస్ రిపోర్టులు తయారుచేసే పని ఇచ్చారు. ఒక్కో కస్టమర్ కింద అతని ఆర్డర్లు, చెల్లింపులు కనిపించేలా సబ్‌రిపోర్టులు (పెద్ద రిపోర్టు లోపల ఇమిడే చిన్న రిపోర్టులు) పెట్టమంటున్నారు. ఫ్రెండ్స్ అంతా డేటా సైన్స్ అంటుంటే నేను పాత పనిలో ఇరుక్కుపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. మానేసి వేరే కోర్సులో చేరమంటారా?

జవాబు: ఇప్పుడే మానేయకండి. ఏ టేబుల్‌కి ఏ టేబుల్‌తో ఎలాంటి సంబంధం ఉందో తెలియకుండా సబ్‌రిపోర్టు కుదరదు. డేటా ఉద్యోగం ఏదైనా మొదట అడిగేది ఆ అవగాహననే. మీకు అది జీతం తీసుకుంటూ నేర్చుకునే అవకాశంగా వచ్చింది.

ఒక కస్టమర్‌వి మూడు ఆర్డర్లున్నాయి అనుకోండి: 1000, 2500, 1500. మొత్తం 5000. అతను రెండు విడతల్లో 2000, 1000 కట్టాడు. ఇంకా రావాల్సింది 2000. ఇప్పుడు కస్టమర్లు, ఆర్డర్లు, చెల్లింపులు అనే మూడు టేబుళ్లనూ కస్టమర్ నంబరు మీద ఒకే క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) జాయిన్ చేయండి, అంటే కలపండి. ప్రతి ఆర్డరూ ప్రతి చెల్లింపుతో జతపడి ఆరు వరుసలొస్తాయి. ఆర్డర్లు 10000, చెల్లింపులు 9000, బాకీ 1000 అని రిపోర్టు చూపిస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, ప్రింటు కూడా నీట్‌గా వస్తుంది. ఆ కాగితాన్ని నమ్మి ఎవరో ఒకరు సగం బాకీ వదిలేసుకుంటారు. ఆర్డర్లకు ఒక సబ్‌రిపోర్టు, చెల్లింపులకు ఇంకొకటి విడివిడిగా పెడితే ఈ గొడవ ఉండదు. దీన్ని కాగితం మీద లెక్కవేసి చూపించగలిగితే ఇంటర్వ్యూలో మీ మాటకు విలువ పెరుగుతుంది.

ప్రధాన రిపోర్టును సబ్‌రిపోర్టుతో కలిపే లింకు ఫీల్డు (ఇక్కడ కస్టమర్ నంబరు) విషయంలోనూ జాగ్రత్త. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఈ లింకు కోసం ఉండే మాస్టర్ (ప్రధాన రిపోర్టు), చైల్డ్ (సబ్‌రిపోర్టు) ఫీల్డులు ఖాళీగా వదిలేస్తే ప్రతి కస్టమర్ కిందా అందరి ఆర్డర్లూ వచ్చేస్తాయి. క్రిస్టల్ రిపోర్ట్స్ అనే రిపోర్టు టూల్‌లో సబ్‌రిపోర్టు లోపల మరో సబ్‌రిపోర్టు పెట్టనివ్వరు. ఇలాంటివి పని చేస్తూ ఉంటే అవే తెలుస్తాయి, భయపడక్కర్లేదు.

సబ్‌రిపోర్టుకు ఖర్చు కూడా ఉంది. సాధారణంగా అది ప్రతి ప్రధాన రికార్డుకూ మళ్లీ రన్ అవుతుంది. 500 మంది కస్టమర్లు, రెండు సబ్‌రిపోర్టులు అంటే ప్రధాన క్వెరీ కాక మరో 1000 క్వెరీలు. లింకు ఫీల్డుకు ఇండెక్స్ (రికార్డులను త్వరగా వెతికిపెట్టే సూచిక) లేకపోతే రిపోర్టు తెరుచుకునేలోపు చూసేవాళ్లకు విసుగొస్తుంది. కేవలం ఆర్డర్లు ఒక్కటే కావాలంటే సబ్‌రిపోర్టు అనవసరం, జాయిన్ చేసి కస్టమర్ వారీగా గ్రూపింగ్ పెడితే చాలు. ఎక్కడ వాడాలో, ఎక్కడ వద్దో తేల్చి చెప్పగలిగే మనిషి కోసమే కంపెనీలు చూస్తాయి. టూల్ నడపడం చాలామందికి వచ్చు.

మీ భయంలో నిజం లేకపోలేదు. ఒకే టూల్‌లో బటన్లు నొక్కుతూ ఏళ్లు గడిపితే ఎదుగుదల ఆగిపోతుంది. అందుకని డేటాబేస్ క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్‌ను గట్టిగా పట్టుకోండి. జాయిన్లు, గ్రూప్ బై (వరుసలను గ్రూపులుగా చేసి మొత్తాలు తీయడం), సబ్‌క్వెరీలు (క్వెరీ లోపల క్వెరీ) చేత్తో రాయడం రావాలి. ఇక్కడి పని వృథా కాదు: మైక్రోసాఫ్ట్ రిపోర్టింగ్ సర్వీసెస్‌లో వాడే ఆర్‌డీఎల్ అనే రిపోర్టు ఫైలు ఫార్మాట్‌నే, మైక్రోసాఫ్ట్‌దే అయిన డేటా విశ్లేషణ టూల్ పవర్ బీఐలోని పేజినేటెడ్ (పేజీలవారీ ప్రింటుకు తగిన) రిపోర్టులూ వాడతాయి. అంకెలు, చార్టులు ఒకే తెర మీద చూపించే డాష్‌బోర్డుల్లోనూ టేబుళ్ల మధ్య సంబంధం తప్పుగా పెడితే మొత్తాలు ఇలాగే తప్పుతాయి.

ఈ నెలలో ఒక పని చేయండి. ఆఫీసు డేటా ముట్టుకోకుండా, మైక్రోసాఫ్ట్ నమూనాగా ఇచ్చే నార్త్‌విండ్ డేటాబేస్ తీసుకుని, దానికి చెల్లింపుల టేబుల్ ఒకటి మీరే జోడించండి. పైన చెప్పిన రిపోర్టును ముందు ఒకే జాయిన్‌తో, తర్వాత సబ్‌రిపోర్టులతో చేసి, రెండింటి మొత్తాలూ పక్కపక్కన పెట్టుకోండి. ఆర్డర్లుండి ఇంతవరకూ ఏమీ కట్టని కస్టమర్‌నూ ఒకరిని చేర్చండి, ఆ పేరు ఏ రిపోర్టులో మాయమవుతుందో కనిపిస్తుంది. ఇది చేతిలో పెట్టుకుని, కోర్సు సంగతి ఆరు నెలల తర్వాత ఆలోచించండి.