ఆ చెరువులో దిగినవి పాలరంగు హంసలు కావు

తమ్ముడూ,

నీ కథ రాత్రే చదివేశాను. ముసలాయన పాత్ర బాగా కుదిరింది, దాన్ని ముట్టుకోకు. కానీ చెరువులో హంసలు దిగిన దగ్గర్నుంచీ నాకు నీ మీద నమ్మకం సడలుతూ వచ్చింది. పాలలా తెల్లగా ఉన్నాయన్నావు, మన ఊరి తుంగలో గుడ్లు పెట్టాయన్నావు, మగపక్షి పిల్లల నోటికి మేత అందించిందన్నావు. ఈ మూడూ జరగవు.

చలికాలంలో మన వైపు చెరువులకు వచ్చే అడవి పెద్దబాతును పక్షుల వాళ్లు బార్ హెడెడ్ గూస్ అంటారు. ఒళ్లు లేత బూడిద రంగు, తల మాత్రం తెలుపు, దాని వెనక అడ్డంగా రెండు నల్ల పట్టీలు. ముక్కూ కాళ్లూ పసుపు నారింజ. రెండు మూడు కిలోలు తూగుతుంది. పాత కావ్యాల్లో మానస సరోవరానికి పోయే హంస ఇదేనని కొందరు పండితుల వాదన, నాకూ అలాగే అనిపిస్తుంది. అయినా నువ్వు హంస అన్నావంటే చదివేవాళ్లకు క్యాలెండర్‌లో సరస్వతీదేవి పక్కనుండే పక్షే కనిపిస్తుంది.

నేనూ తక్కువ తినలేదులే. నా మొదటి కథలో వీటి చేత తామరతూళ్లు తినిపించాను. చెరువు కింద సెనగ వేసిన ఒక రైతు అది విని పడీ పడీ నవ్వాడు, ‘నీ హంసలు రాత్రంతా మా చేలోనే ఉన్నాయి, మొలక మిగల్చలేదు’ అని. పగలు నీళ్ల దగ్గర కునుకు, చీకటి పడ్డాక పొలాల్లో మేత, ఇదీ వాటి దినచర్య. గడ్డి, వరి, గోధుమ, సెనగ, ఏది లేతగా ఉంటే అది. అరుపు కూడా నువ్వు రాసిన వేణునాదం కాదు, ముక్కుతో ‘ఆంగ్ ఆంగ్’ అంటాయి.

ఇక ఎవరెస్టు మీదుగా ఎగిరిన ఆ పేరా. ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే ఒక పక్షి 7,290 మీటర్ల ఎత్తు దాకా వెళ్లింది, నిజమే. కానీ అవి ఎత్తులోనే నిలబడిపోవు, కొండ ఎక్కినప్పుడు ఎక్కి, లోయ దిగినప్పుడు దిగి, నేలను అంటిపెట్టుకుని పోతాయి, పల్చటి గాలిలో రెక్కలాడించడం కంటే మళ్లీ ఎక్కడమే వాటికి తక్కువ ఖర్చు. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి రాత్రులే ఎక్కువగా ప్రయాణం. వాటి రక్తంలోని హిమోగ్లోబిన్ కూడా తక్కువ ఆక్సిజన్‌నే గట్టిగా పట్టుకునే రకం.

గుడ్లు పెట్టేది లద్దాఖ్, టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర. గుంపుగా గూళ్లు కట్టుకుని, తల్లి తన రొమ్ము మీది నూగునే పరుస్తుంది. సాధారణంగా నాలుగైదు గుడ్లు, దాదాపు నెల రోజులు ఆడదే పొదుగుతుంది, మగది కాపలా. పిల్లలు పుట్టిన మర్నాటికే నడిచి, ఈది, తమ మేత తామే ఏరుకుంటాయి, నోటికి అందించే పనే లేదు.

నువ్వు వదిలేసిన చోటే నీ కథ ఉంది తమ్ముడూ. పిల్లలు పెరిగే ఆ రోజుల్లోనే తల్లిదండ్రులకు రెక్కల ఈకలన్నీ ఒక్కసారిగా రాలిపోతాయి, నెల రోజుల పాటు ఎగరలేవు. నక్క వస్తే నీళ్లలోకి పరిగెత్తడం తప్ప దారి లేదు. ఇటు పిల్లకి మొదటి రెక్కలు, అటు తండ్రికి కొత్త రెక్కలు, ఇంచుమించు ఒకేసారి వస్తాయి. ఆ తర్వాతే ఇల్లంతా కలిసి దక్షిణానికి బయల్దేరుతుంది. కొడుకుతో ఇరవై ఏళ్లుగా మాట్లాడని మీ ముసలాయన పక్కన ఇది పెట్టి చూడు, ఒక్క ముక్క కూడా వివరించకుండా.

మార్చి దాటితే దాదాపు అన్నీ వెళ్లిపోతాయి. ఈ ఆదివారం తెల్లారకముందే గట్టు మీద ఉండు, చేల నుంచి తిరిగి వస్తాయి. నా బైనాక్యులర్స్ ఇంట్లోనే ఉన్నాయి, మీ వదినని అడిగి తీసుకో. ఎర్ర చొక్కా మాత్రం వేసుకోకు.

మీ అన్నయ్య