చెవి మట్టం చూడకుండా నంబరు నమ్మకు

అమ్మలూ,

న్యూరో ఐసీయూలో నర్సుగా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎంత సంతోషమేసిందో అంత బెంగా పట్టుకుంది. అక్కడికొచ్చే కేసుల్లో ఎన్నో హెల్మెట్ లేకుండా బండి మీంచి పడ్డ కుర్రాళ్ళవి, నీ ఈడు వాళ్ళవి. నువ్వు తట్టుకుంటావు, నాకు తెలుసు. కానీ తలలో ఈవీడీ (మెదడులోని నీటిని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం) ఉన్న పేషెంట్‌ని నీకు అప్పగించేలోపే ఈ ఉత్తరం చేరాలి.

పుర్రె సాగదు. లోపల మెదడు, రక్తం, సీఎస్‌ఎఫ్ (మెదడు లోపలా చుట్టూ ఉండే నీరు) సర్దుకుని ఉంటాయి. వాపో రక్తపు గడ్డో తోడైతే కొంతవరకు సీఎస్‌ఎఫ్, సిరల్లోని రక్తం తప్పుకుని చోటిస్తాయి. ఆ చోటు అయిపోయిందంటే కొద్దిపాటి వాపుకే ఒత్తిడి ఎగబాకుతుంది. ఈ ఒత్తిడే ఐసీపీ, పెద్దవాళ్ళకి మామూలుగా 7–15 ఎంఎం పాదరసం ఉంటుంది, 22 దాటి నిలిస్తే వైద్యం మొదలవ్వాలి. సగటు బీపీలోంచి ఐసీపీ తీసేస్తే మిగిలేది, అంటే మెదడుకి రక్తాన్ని తోసే ఒత్తిడి, 60–70 ఉండాలి. తల 30 డిగ్రీలు, మెడ తిన్నగా, ఊపిరి ట్యూబు కట్టిన టేపు మెడని నొక్కకుండా, కఫం సక్షన్ చేస్తే ఒక్కోసారికి 15 సెకన్లు దాటకుండా. ఇవన్నీ చదువుకునే వచ్చావు.

నా భయం మంచం ఎత్తు గురించి.

ట్రాన్స్‌డ్యూసర్ (గొట్టంలోని ఒత్తిడిని కొలిచి మానిటర్‌కి పంపే పరికరం) జీరో పేషెంట్ చెవి రంధ్రం మట్టానికి ఉండాలి. తాపీమేస్త్రీ నీళ్ళగొట్టంతో మట్టం చూసినట్టు నువ్వూ లెవెల్ పెట్టి చూడాలి, కంటి అంచనా పనికిరాదు. పొద్దున డ్యూటీ వాళ్ళు సరిగ్గానే పెడతారు. తర్వాత ఎక్స్‌రే వాళ్ళొచ్చి మంచం దించుతారు, ఫిజియో వాళ్ళొచ్చి తల ఎత్తుతారు. స్టాండుకి కట్టిన ట్రాన్స్‌డ్యూసర్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. తల 10 సెంటీమీటర్లు కిందికి దిగితే మానిటర్ దాదాపు 7 తక్కువ చూపిస్తుంది. అసలు 24 ఉన్న మనిషికి 17 కనిపిస్తుంది, ఎవరూ డాక్టర్‌ని పిలవరు. తల పైకి లేస్తే నంబరు ఎక్కువ చూపించడంతో ఆగదు. డ్రెయిన్ తెరిచి ఉంటే సీఎస్‌ఎఫ్ గబగబా కారిపోతుంది, వెంట్రికల్స్ (మెదడులో సీఎస్‌ఎఫ్ ఉండే గదులు) ముడుచుకుపోతాయి, మెదడు పైన సిరలు లాగుకుని తెగి రక్తస్రావం కావచ్చు. అందుకే మంచం కదిపేముందు, పక్కకి తిప్పేముందు, స్కానింగ్‌కి తీసుకెళ్ళేముందు త్రీ-వే (గొట్టం మీది మూడు దారుల కుళాయి) మూసెయ్. పనయ్యాక లెవెల్ మళ్ళీ చూసుకుని తెరువు. మూసింది తెరవడం మర్చిపోతే అదీ అంతే ప్రమాదం, లోపల ఒత్తిడి పెరుగుతూ పోతుంది. మంచం మీటల దగ్గర ‘ఈవీడీ ఉంది, సిస్టర్‌ని అడగండి’ అని తెలుగులో రాసి అంటించు. అటెండర్లని కసరకు, వాళ్ళకెవరూ చెప్పలేదు.

డ్రెయిన్ తెరిచి ఉండగా మానిటర్‌లో కనపడేది నిజమైన ఐసీపీ కాదమ్మా. డ్రెయిన్ వైపు మూసి, కొన్ని నిమిషాలాగి, మానిటర్‌లో ఒత్తిడి అల స్థిరపడ్డాక రాసుకో. ఆ అలలో మూడు శిఖరాలుంటాయి. రెండోది మొదటిదాన్ని మించిందంటే నంబరు ఇంకా 18 లోనే ఉన్నా మెదడుకి సర్దుకునే చోటు తగ్గుతోందన్నమాట. అల చదునైపోతే నంబరు రాయనేరాయకు. త్రీ-వే చూడు, గాలి బుడగ చూడు, గొట్టంలో రక్తం చూడు. అడ్డుపడిందనిపిస్తే నువ్వు ఫ్లష్ చెయ్యొద్దు, న్యూరోసర్జన్ చెయ్యాలి. ఆర్టీరియల్ లైన్ (ధమనిలో బీపీ చూసే గొట్టం) అలవాటుతో ప్రెషర్ బ్యాగ్ (సెలైన్‌ని ఒత్తిడితో తోసే సంచి) దీనికి తగిలించావంటే సెలైన్ నేరుగా మెదడులోకి పోతుంది. ఇందులో ఎవరి మాటా వినకు.

డాక్టర్ ఆర్డర్‌లో డ్రెయిన్ ‘15 దగ్గర పెట్టండి’ అని ఉంటే ఏ 15 అని అడుగు. 15 ఎంఎం పాదరసం అంటే దాదాపు 20 సెంటీమీటర్ల నీరు. సీఎస్‌ఎఫ్ కారి పడే ఛాంబర్ మీద రెండు స్కేళ్ళూ ఉంటాయి, రాత్రి డ్యూటీలో కళ్ళు పొరబడతాయి. అడిగితే విసుక్కునే డాక్టర్లుంటారు, విసుక్కోనీ.

మెదడు ఒత్తిడి తగ్గించే మానిటోల్ సీసాలో స్ఫటికాలు కనిపిస్తే వేడినీళ్ళలో పెట్టి కరిగించి, చల్లారాకే ఎక్కించు. 20 శాతం మందు 100 ఎంఎల్‌లో 20 గ్రాములుంటుంది. 60 కిలోల మనిషికి కిలోకి అర గ్రాము చొప్పున 150 ఎంఎల్.

నంబరు చూస్తూ మనిషిని వదిలెయ్యకు. బొలీవియా, ఈక్వడార్‌లలో 324 మందితో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో మానిటర్ ప్రకారం చేసిన వైద్యం, పరీక్షలూ స్కాన్లూ చూసి చేసిన వైద్యం కంటే మెరుగని తేలలేదు. మానిటర్ వద్దని కాదు, టార్చి జేబులో ఉండాలని. గంటకోసారి కంటిపాపలు చూడు. ఒకటి పెద్దదై వెలుగుకి స్పందించకపోతే మానిటర్ 12 చూపిస్తున్నా సరే, పరుగెత్తి చెప్పు. బీపీ పెరిగి నాడి నెమ్మదించేదాకా చూస్తూ కూర్చుంటే చాలా ఆలస్యమైపోయినట్టే.

బయట కూర్చున్న తల్లిదండ్రులు లోపలికొస్తే ముందు ఆ అంకె వైపే చూస్తారు. ‘తగ్గిందా అమ్మా?’ అంటారు. తగ్గిందని చెప్పినంత మాత్రాన కొడుకు లేచి కూర్చుంటాడని ఆశ పెట్టుకుంటారు. వాళ్ళని కూర్చోబెట్టి, అది ఈ గంట ఒత్తిడి మాత్రమేనని, మిగతాది డాక్టర్‌గారు చెబుతారని మెల్లగా చెప్పు.

మొదటిసారి జీరో చేసేటప్పుడు సీనియర్‌ని పక్కన నిలబెట్టుకో. రాత్రి డ్యూటీకి తినకుండా వెళ్ళకు.

మీ అత్తయ్య