పాత ఎస్‌యూవీ గేర్‌బాక్సు పదే పదే మొరాయిస్తుంటే ముందు నీటి జాడ వెతకండి

చేతులు మారిన డీజిల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీ కొన్నారు, గేర్‌బాక్సు బాగు చేయించిన కొన్ని నెలలకే మళ్ళీ అదే జబ్బు తిరగబెడుతోంది, దాని మీద ఇంకా డబ్బు పోయాలా, లేక వచ్చిన ధరకు వదిలించుకోవాలా అని మీరు అడిగారు. దీనికి జవాబు చెప్పాలంటే మీరు రాయని సంగతి ఒకటి తెలియాలి. ఆ బండి మీ చేతికి రాకముందు ఏ ఊళ్ళలో తిరిగింది, దాని రేడియేటర్‌లో ఎవరు ఏ నీళ్ళు పోశారు?

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. బడిలో భౌతిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. గోదావరి డెల్టాలో తిరిగిన బండికి గేర్‌బాక్సు జబ్బు చేసిందంటే, వేరే కారణం తేలేవరకూ దాన్ని నీటి జబ్బుగానే చూడాలని నా గట్టి నమ్మకం. మెకానిక్కులు ఈ మాట ఒప్పుకోరు. వాళ్ళు సోలినాయిడ్ (ఆయిల్ దారిని తెరిచి మూసే విద్యుత్ మీట) అంటారు, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఏ గేరుకు పంపాలో మళ్ళించే దారుల దిమ్మ) అంటారు, కంప్యూటర్ అంటారు. అవి పాడయ్యే మాట నిజమే కానీ, ఎందుకు పాడయ్యాయో తేల్చకుండా కొత్తవి వేస్తే ఆ కారణం కొత్త వాటినీ తినేస్తుంది. మీ బండిలో జబ్బు తిరగబెట్టడానికి మూలం అక్కడే ఉందని నేను అనుకుంటున్నాను.

నేను కొన్న ఏడు సీట్ల బండిలో మొదట కనిపించింది వణుకు. అరవై, డెబ్బై కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి పోతున్నప్పుడు అడుగు నుంచి సన్నని అదురు పుట్టి స్టీరింగు దాకా వచ్చేది. కాలు గట్టిగా తొక్కితే పోయేది. కొన్నాళ్ళకు అది ముదిరింది. బాగా వేడెక్కిన బండి రావులపాలెం దాటి జొన్నాడ వంతెన ఎక్కేసరికి ఒకే గేరులో బిగుసుకుపోయి, ఎదుట పసుపు దీపం వెలిగేది. పక్కకు తీసి ఇంజను కట్టేసి, కాసేపాగి స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు నడిచేది. గేర్‌బాక్సు కంప్యూటర్ తన లెక్కలో తేడా కనిపించగానే మిగతా గేర్లు మూసేసి, షెడ్డు దాకా చేర్చడానికి ఒక్క గేరు మాత్రం ఉంచే రక్షణ ఏర్పాటు అది. దాన్ని చూసి కంప్యూటరే పాడైందనుకోవడం పొరపాటు.

ఒక షెడ్డులో స్కానర్ పెట్టి, బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపం కోడ్ చెరిపేసి పంపించారు. ఈ అలవాటు మీద నాకు చాలా కోపం ఉంది. పీ0700 అనే కోడ్ వచ్చిందంటే గేర్‌బాక్సు కంప్యూటర్ దగ్గర ఒక ఫిర్యాదు నమోదై ఉందని మాత్రమే అర్థం. అసలు ఫిర్యాదు ఏమిటో ఆ కంప్యూటర్‌ను విడిగా అడిగి చదవాలి. చదవకుండా చెరిపేస్తే, జబ్బు ఎప్పుడు, ఎంత వేడిలో, ఏ గేరులో వచ్చిందో చెప్పే సాక్ష్యం పోతుంది. మరో చోట సోలినాయిడ్ల సెట్టు మొత్తం మార్చారు. కొత్త ఆయిల్ పడినందువల్ల కొన్ని వారాలు వణుకు తగ్గింది, మళ్ళీ మొదలైంది. ఆ తగ్గుదల చూసి రోగం కుదిరిందనుకునేవాళ్ళే ఎక్కువ. మీ ప్రశ్నలో “సర్వీసు చేయించిన తరువాత కొన్నాళ్ళు బాగుంది” అన్న వాక్యం చదివి నేను ఈ జవాబు రాయడానికి కూర్చున్నాను.

చివరికి రావులపాలెంలో హైవే పక్కన షెడ్డు పెట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్ళాం. ఆయన బండి కిందికి దూరలేదు, స్కానరూ అడగలేదు. బానెట్ ఎత్తి, ఇంజనును చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఉండే డబ్బా వైపు చూసి, “ఇందులో ఎన్నాళ్ళకోసారి పోస్తన్నారండీ?” అని అడిగారు. “ఆయ్, నెలకో సీసాడు పడతాదండి” అన్నాడు మా డ్రైవరు. “కింద ఎక్కడైనా చుక్క పడతందాండీ?” “లేదండి.” పెద్దాయన నా వైపు తిరిగి, “మరి ఆ నీళ్ళు ఎక్కడికి పోతన్నట్టండీ మాస్టారూ?” అన్నారు.

గేర్‌బాక్సు అడుగున ఉన్న మర విప్పి పళ్ళెం పెట్టారు. మంచి ఆయిల్ చాలా బండ్లలో ఎర్రగా, అవతలి వైపు కనిపించేటంత తేటగా ఉంటుంది. వాడినకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. మా బండిలోంచి దిగింది మాత్రం రాజమండ్రి రోజ్ మిల్క్ లాగా చిక్కగా, గులాబీ రంగులో ఉంది. పెద్దాయన ఒక ఇనుప రేకును గ్యాసు మంట మీద కాల్చి, దాని మీద ఆ ఆయిల్ చుక్క వేశారు. చిటపటమని తుళ్ళింది. పక్కనే కొత్త ఆయిల్ చుక్క వేస్తే పొగ వచ్చింది గానీ చప్పుడు రాలేదు. నూనెలో ఉన్న నీరు నూరు డిగ్రీలు దాటగానే ఆవిరై పగలడం వల్ల వచ్చే చప్పుడు అది. ఏ షెడ్డులోనైనా, ఖర్చు లేకుండా, మీ కళ్ళెదుట చేయగలిగిన పరీక్ష ఇది. ముందుగా దీన్ని చేయించండి.

గేర్‌బాక్సు విప్పిన తరువాత క్లచ్ ప్లేట్లు చూపించారు. ఆ ఉక్కు పళ్ళేల మీద పట్టు కోసం అతికించే పొర కాగితం జాతి పదార్థం, దాన్ని జిగురుతో అంటిస్తారు. ఆయిల్‌లో ఎన్నేళ్ళయినా నానుతుంది గానీ నీళ్ళకూ, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్‌కూ తట్టుకోదు. పొర ఉబ్బుతుంది, జిగురు వదులుతుంది. మా బండి ప్లేటు మీద గోటితో గీకితే ఆ పొర తొక్కలాగా లేచి వచ్చింది. ఇక సోలినాయిడ్లు ఎన్ని మార్చి ప్రయోజనమేమిటి? ఊడిన పొర నలిగి, వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో ఇరుక్కుంటూ ఉంటే ఏ సోలినాయిడ్ అయినా మొరాయిస్తుంది.

నీళ్ళు లోపలికి ఎలా వచ్చాయన్నది అసలు సంగతి. చాలా బండ్లలో గేర్‌బాక్సు ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ తొట్టిలోపలే ఉంటుంది. కొన్నిటిలో ఆయిల్, కూలెంట్ పక్కపక్కన పారే చిన్న పెట్టె విడిగా ఉంటుంది. రెండు ద్రవాల మధ్య ఉండేది పలుచని లోహపు గోడ ఒక్కటే. దానికి చిల్లు పడితే, ఇంజను నడుస్తున్నప్పటి కంటే ఆపిన తరువాత ప్రమాదం ఎక్కువ. ఇంజను ఆగగానే ఆయిల్ పంపు ఆగి ఆయిల్ ఒత్తిడి సున్నా అవుతుంది, వేడి రేడియేటర్‌లో కూలెంట్ ఒత్తిడి మాత్రం చల్లారేదాకా అలాగే ఉంటుంది. కాబట్టి రాత్రి బండి ఇంటి ముందు నిలబడి ఉన్నప్పుడు కూలెంట్ గేర్‌బాక్సులోకి దిగుతుంది. కింద చుక్క కూడా పడదు.

ఆ చిల్లు పడటానికి కారణం మా రేడియేటర్ విప్పినప్పుడు తెల్లగా కనిపించింది. మా చేతికి రాకముందు ఆ బండి సముద్రం వైపు రొయ్యల చెరువుల మీద తిరిగింది. సఖినేటిపల్లి, మలికిపురం, ఉప్పలగుప్తం ప్రాంతాల్లో తీరానికి దగ్గరగా బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పు నీళ్ళే పడతాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఆ నీళ్ళే గతి. ఇంజను వేడెక్కిందని చెరువు గట్టు మీద బోరు నీళ్ళు పట్టి రేడియేటర్‌లో పోసేస్తారు. ఉప్పులోని క్లోరైడు అల్యూమినియం మీద సూది మొనంత గుంటలు చేసి లోతుకు తొలుస్తుంది. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కలిపే మందులు కూడా పలచబడి పనిచేయకుండా పోతాయి. నాలుగైదు వందల రూపాయల కూలెంట్ డబ్బా కొనడానికి వెనకాడి లక్షల గేర్‌బాక్సును చంపుకుంటున్నారు. కోనసీమలో ప్రతి పెట్రోలు బంకులో నీళ్ళ పైపు పక్కన “ఈ నీళ్ళు రేడియేటర్‌లో పోయరాదు” అని రాసిపెట్టాలని నేను ఎప్పటి నుంచో అంటున్నాను. అత్యవసరమైతే డిస్టిల్డ్ వాటర్ పోసి, తరువాత మొత్తం దించి సరైన పాళ్ళలో కూలెంట్ నింపించాలి.

నీటికి ఇంకో దారి వరద. గేర్‌బాక్సుకు ఊపిరి తీసుకోవడానికి పైన చిన్న రంధ్రం ఉంటుంది. చాలా దూరం నడిచి వేడెక్కిన గేర్‌బాక్సు చల్లని వరద నీటిలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, ఆ రంధ్రం గుండానే నీళ్ళు లోపలికి లాగుతుంది. కనకాయలంక కాజ్‌వే మీద నీళ్ళు పారుతున్నప్పుడు, పెద్ద బండి కదా ఏమవుతుందిలే అని దించేవాళ్ళను ఏటా చూస్తున్నాం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంక ఊళ్ళలో ఎన్ని బండ్లు రోజుల తరబడి నీళ్ళలో నిలబడ్డాయో మనకు తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల వాహనాలు మునిగాయి. 2015 డిసెంబరులో చెన్నైలోనూ, 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ ఇదే జరిగింది. మునిగిన బండ్లు అన్నీ పాత ఇనుములోకి పోలేదు. కడిగి, సీట్లు మార్చి, సెంటు కొట్టి అమ్మినవి ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉన్నాయి. వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము, సీటు కింది బోల్టులకు తుప్పు, సీట్‌బెల్టును పూర్తిగా బయటికి లాగితే అడుగున కనిపించే బురద చార, ఇవి చూడండి.

అమ్మినవారి పాత బీమా పాలసీ దొరికితే అందులో నో క్లెయిమ్ బోనస్ ఎంతో చదవండి. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్ళను బట్టి ప్రీమియంలో ఇచ్చే ఈ తగ్గింపు 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. ఏళ్ళ తరబడి ఒకే యజమాని దగ్గరున్న బండికి అది సున్నా అయితే, ఎందుకో అడిగే హక్కు మీకు ఉంది. పాత వాహనాల వ్యాపారులు రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలనే నిబంధన 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. మన పట్టణాల్లో ఆ పత్రం గోడకు తగిలించిన దుకాణం నా కంటికి ఇంతవరకు కనబడలేదు.

“ఈ గేర్‌బాక్సుకు జీవితాంతం ఆయిల్ మార్చనక్కరలేదు” అన్న మాటను కూడా నమ్మకండి. ఎన్నో కార్ల కంపెనీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ తానే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు మార్చమని చెబుతోంది. మన ఎండల్లో, మన ట్రాఫిక్‌లో నేనైతే 60,000కే మార్పిస్తాను. అడుగు మర విప్పితే సగం ఆయిల్ కూడా దిగదు, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజను తిరుగుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) గొట్టాల్లోనూ ఉండిపోతుంది. నీళ్ళు కలిసిన ఆయిల్‌ను ఒకసారి దించి పోస్తే చాలదని అందుకే అంటున్నాను. దించిన ఆయిల్‌ను డబ్బాలో పట్టుకెళ్ళేలా చూడండి. పంట కాలువలో పారబోసే షెడ్డు వారికి నేను బండి ఇవ్వను.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ముందు బ్యాటరీ, ఎర్తు వైరు చూపించండి, ఓల్టేజీ తగ్గినా గేర్‌బాక్సు కంప్యూటర్ తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది, అది చౌకగా తేలిపోయే పని. తరువాత ఆయిల్ దించి రంగు చూడండి, రేకు మీద చుక్క వేయించండి. ఆయిల్ తేటగా ఉంటే నేను చెప్పిన నీటి సంగతి మీ బండికి వర్తించదు, అప్పుడు కోడ్‌లు పూర్తిగా చదివించి వాల్వ్ బాడీ వైపు వెళ్ళండి. గులాబీ రంగు కనిపిస్తే మాత్రం ఇంజను స్టార్టు చేయకుండా, నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా లారీ మీదికి ఎక్కించే షెడ్డుకు చేర్చండి. చక్రాలు నేల మీద దొర్లుతుంటే, ఇంజను ఆగి ఉన్నందున పంపు తిరగక, లోపలి భాగాలు ఆయిల్ అందకుండా అరిగిపోతాయి. రేడియేటర్, ఆయిల్ గొట్టాలు, క్లచ్ ప్లేట్లు, టార్క్ కన్వర్టర్ అన్నీ ఒకేసారి మార్చాలి. రేడియేటర్ వదిలేసి గేర్‌బాక్సు ఒక్కటే బాగు చేస్తామనేవారికి పని అప్పగించకండి. బిగించిన తరువాత స్కానర్‌తో అడాప్టేషన్ రీసెట్ (కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న పాత కొలతలు చెరిపేయడం) చేయించాలి, లేకపోతే కొత్త ప్లేట్లకు పాత కొలతలతో గేర్లు పడి జర్కులు వస్తాయి. పాత గేర్‌బాక్సు తెచ్చి వేస్తామంటే, అది ఏ బండిలోంచి, ఏ ఊళ్ళో విప్పిందో కాగితం మీద రాయించుకోనిదే ఒప్పుకోకండి.

మాకు అంతా కలిపి లక్షన్నర పైచిలుకు అయింది. ఆ తరువాత కూలెంట్ మట్టం తగ్గలేదు, వణుకు రాలేదు. మీ బండి మిగతా అంగాలు బాగుండి, మరమ్మతు ఖర్చు బండి ధరలో మూడో వంతు లోపు ఉంటే బాగు చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. ఆ పైన అయితే, లేక వరదలో మునిగిన గుర్తులు కనిపిస్తే, కొనేవారికి ఉన్న సంగతి చెప్పి అమ్మేయండి, ఎందుకంటే ఉప్పు పట్టిన వైరింగు బండిలో గేర్‌బాక్సు తరువాత మరొకటి వరుసగా పోతూనే ఉంటుంది. ఆయిల్ ఏ రంగులో దిగింది, కూలెంట్ నెలకు ఎంత తగ్గుతోంది, ఆర్సీ మీద మొదటి రిజిస్ట్రేషన్ ఏ ఊరిది అన్న మూడు సంగతులు ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.