గుట్టమీద రాళ్ళు తీయొద్దురా అబ్బీ

అబ్బీ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, బెంగుళూరులో పని చాలించుకుని వేంపల్లె పక్క ఆ నల్లరాళ్ళ గుట్ట వాలు కొంటాండావని, గొర్రెలు పెడతావని, అడ్వాన్స్ గూడా ఇచ్చేసినావని. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు. సంతోషం లేక కాదురా, మన ఇంట్లో మళ్ళీ గొర్రెల మంద అంటే నాకంటే సంతోషించేదెవరు, కానీ ఆ నేల సంగతి నీకు తెలీదు, అదే నా దిగులు. ఫోన్‌లో చెప్తే సగం విని "సరే అత్తా" అంటావు, అందుకే కూర్చుని టైపు చేస్తాండా, ఓపిగ్గా చదువు.

కాగితాల సంగతి నువ్వే చూసుకోగలవు. ఈసీ తీయించు, అదే ఆ భూమి లావాదేవీల కాగితం, అడంగల్ చూడు, డీకేటీ పట్టా, అంటే సర్కారు ఇచ్చిన భూమి అయితే లాయర్‌ని అడక్కుండా ఇంకొక్క రూపాయి ఇవ్వొద్దు. వానలు మొదలు కాకముందే గొర్రెలకు చిటుకురోగం టీకా వేయించు. ఇవి ఎవరైనా చెప్తారు.

నేల సంగతికొస్తా. అనంతపురం పక్క ఎర్రనేల గ్రానైట్ రాయి అరిగి అయిన నేల, పిడికిట్లో పట్టుకుంటే ఇసుక గరగరమంటాది. మన వేంపల్లె, పులివెందుల పక్క బూడిదరంగు రాయి కనపడతాదే, అది సున్నపురాయి జాతి, డోలమైట్. దాని పొరల మధ్యలో దూరి, కొన్నిచోట్ల దాని పైన పారి గడ్డకట్టిందే నీ గుట్టమీది నల్లరాయి. భూమి లోపల కరిగిన రాయి పైకొచ్చి చల్లారింది. పులివెందుల దగ్గరి నల్లరాతికి శాస్త్రజ్ఞులు వయసు గూడా కట్టినారు, సుమారు 188 కోట్ల ఏండ్లంట. దాంట్లో పలుగురాయి దాదాపు ఉండదు, ఇనుము, మెగ్నీషియం, సున్నం ఎక్కువ, అందుకే అది అరిగితే ఇసుక రాదు, బంకమన్నే వస్తాది. అది గూడా ఒక్కసారిగా మన్నైపోదు, ఉల్లిపాయ మాదిరి పైనుంచి ఒక్కో పొర ఊడతాది, నడుమ గుండు గట్టిగానే మిగులుతాది. కాబట్టి వాలుమీద మన్ను జానెడు, మహా అంటే మూరెడు, దాంట్లో గూడా సగం గుండ్లే. మన్ను బలమైందే, నేనేం కాదనను. ఉండేదే తక్కువ, అదీ బాధ.

ఇంకోమాట, సాయిల్ టెస్ట్ చేయించినా, రిపోర్ట్ బాగొచ్చింది అని మీ అమ్మతో అన్నావంట. నాయనా, ల్యాబ్‌లో 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి రాళ్ళన్నీ పక్కన పడేసి మిగిలిన మన్నుకే టెస్ట్ చేస్తారు. రిపోర్ట్‌లో ఉండేది ఆ మన్ను కథ, నీ గుట్ట కథ కాదు. సగం రాళ్ళుంటే నీళ్ళు పట్టేది సగమే, ఎరువు లెక్క గూడా సగమే.

ఇప్పుడు అసలు మాట. జేసీబీ పెట్టి రాళ్ళన్నీ తీయించి వాలంతా క్లీన్ చేయిస్తా అన్నావంటనే. వద్దురా. నీ కాళ్ళు పట్టుకుంటా అనుకో, వద్దు.

మా నాయన, అదే మీ అబ్బ, చేసింది అదే. నేను చిన్నపిల్లను అప్పుడు. చెనిక్కాయకు, అదే వేరుశనక్కు, మంచి రేటు పలికే రోజులు, గుట్ట వాలు ఊరికే పడుంది ఎందుకని కూలోళ్ళను పెట్టి రాళ్ళన్నీ ఏరించినాడు. నేను గూడా తట్ట మోసినా, మా అమ్మ చేతిలో బెల్లం ముక్క పెట్టేది. ఏరిన రాళ్ళు గెనిమ మీద నడుమెత్తు పేర్చినారు, చూసినోళ్ళంతా మెచ్చుకున్నారు, చేను అద్దంలా ఉందప్పా అని. మడక పైనుంచి కిందికి తోలినాడు, వాలుకు అడ్డంగా తోలితే ఎద్దులు ఇబ్బంది పడతాయని. ముసలోళ్ళు ఎవరో చెప్పబోతే వినలేదు, మీ నాయనకూ నీకూ ఉండే మొండితనం ఆయన దగ్గర్నుంచి వచ్చిందే. మొదటేడు కాయ బ్రహ్మాండంగా వచ్చింది, అదే చెడగొట్టింది ఆయన్ని. రెండో ఏడు హింగారిలో, అదే ఈశాన్య వానల కాలంలో, ఒక రాత్రి పెద్దవాన. ఆ బంకమన్ను ఎట్లాంటిదంటే, పైన రాయి ఉంటే చినుకు రాయిమీద పడి, దాని అంచునుంచి మెల్లగా జారి లోపలికి ఇంకుతాది, రాయి లేకుంటే చినుకు నేరుగా మన్నును కొట్టి పైపొర మెత్తుకుపోయి మూసుకుంటాది, ఇంక నీళ్ళు ఇంకవు, పారేదే. సాలు సాలూ ఒక వంకయింది. తెల్లారి పోయి చూస్తే చెట్లు వేర్లతో సహా గట్టుకింద పడుండాయి, వంకలో నీళ్ళు చిక్కగా నల్లగా పోతాండాయి. మా నాయన ఏమీ అనలేదు, ఒడ్డున కూర్చుని చూస్తా ఉన్నాడు. మిగిలింది అడుగున ఉండే జిగటమన్ను, సున్నపు గడ్డలు. ఆ పైన వేసిన చెనిక్కాయ లేతాకులు పాలిపోయి పసుపుపచ్చగా వచ్చేవి, సున్నం ఎక్కువైతే చెట్టుకు ఇనుము అందదు కదా. నేలలో ఇనుముండీ చెట్టుకు లేకపాయె. చివరికి పేర్చిన రాళ్ళే మళ్ళీ తట్టల్లో మోసి చేనంతా పరిచినాడు. కానీ కింద మన్ను లేదు గదా అబ్బీ. నాకు పెండ్లై పోయేనాటికి గూడా అక్కడ మేకకు సరిపోయే గడ్డి మొలవలేదు.

నీకు చెప్పేటోళ్ళు లేరనే మాట రాకూడదు, అందుకే ఇంత చెప్తాండా.

నమ్మకం లేకపోతే నువ్వే పోయి చూడు. ఎండ మాడ్చేటప్పుడు ఒక పలకరాయి మెల్లగా ఎత్తు. చుట్టూ నేల పగిలిపోయుంటాది, రాయికింద మాత్రం చల్లగా చెమ్మగా, చీమలు తిరుగుతా ఉంటాయి. ఆ రాయి అడుగు చూడు, తెల్లగా సున్నం పెచ్చు కట్టుంటాది. మా పక్క ముసలోళ్ళు దీన్ని చూసే నేల కొనేవాళ్ళు. తెలుపు కిందికుంటే ఆ రాయిని ఎవరూ కదపలేదని. గుట్టంతా తెలుపు పైకి తిరిగిన రాళ్ళు కనపడితే ఆడ ఇంతకుముందే ఎవరో కెలికినారు, రేటు తగ్గించి అడుగు, లేకపోతే వదిలెయ్. ఇంకోటి, గడ్డి దుబ్బులు చిన్న మన్ను దిబ్బల మీద నిలబడి వేర్లు బయటికొచ్చి ఉన్నాయంటే చుట్టూ మన్ను పోయిందని లెక్క.

వంకలో దొర్లిపడిన రాళ్ళు మాత్రం తెచ్చుకో, వాలుకు అడ్డంగా సమానమట్టంలో మోకాలెత్తు వరసలు పేర్చు, నీళ్ళపైపుతో లెవెల్ చూసుకో. మట్టికట్టలు వేయొద్దు, ఎండకు ఆ మన్ను పగుల్తాది, తొలివానకే పగుల్లో నీళ్ళు దూరి తెగుతాది. సీతాఫలం, రేగు పెద్ద గుండ్ల పక్కన నాటు, గుండుమీద పడిన నీళ్ళన్నీ దాని అంచుకే దిగుతాయి. చీనీ తోట, అదే బత్తాయి, మాట ఎత్తొద్దు, లింగాల పక్క చీనీ చూసి ఆశపడొద్దు, వాళ్ళ నేల వేరు, నీ వాలు వేరు.

ఇది మాత్రం దండం పెట్టి చెప్తాండా. నల్లరాయీ బూడిదరంగు రాయీ కలిసే చోట పచ్చని రాతి మధ్యలో తెల్లని నార కనపడొచ్చు, గోటితో గీరితే పోగులు పోగులుగా ఊడతాది. రాతినార అది, ఆస్బెస్టాస్ అంటారే, అదే. మన బ్రాహ్మణపల్లె పక్క దానికోసమే గనులు తవ్వినారు. దాన్ని పగలగొట్టొద్దు, పేర్చే వరసల్లో వాడొద్దు, పిల్లోళ్ళను ముట్టనీయొద్దు. మీ మామ వాళ్ళన్న అట్లాంటి గనిలోనే పని చేసి చివర్లో గోడకానుకుని కూర్చునే నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరాడేది కాదు. అట్లాంటి రాయి కనపడితే ముందు నాకు ఫోటో పంపు.

దొడ్డి వంక దగ్గర కట్టొద్దు, గుట్ట భుజంమీద రాళ్ళు పరిచినట్టుండే చోట కట్టు, తడి ఆగదు, గిట్టలు కుళ్ళవు. వాన వెలిసిన వెంటనే వాలుమీదికి మంద తోలొద్దు, తడిమన్ను తొక్కితే అణిగిపోతాది. తొలకరికి మొలిచిన గడ్డి గింజ పట్టేదాకా సగం గుట్ట వదిలెయ్, మిగతా సగంలో మేపు, మరుసటేడు మార్చు. మొదట్లో గొర్రెలు తక్కువే పెట్టుకో, ఏడాది గడ్డి చూసినాక పెంచుకుందువు, డబ్బు తక్కువైతే నన్నడుగు, మీ అమ్మకు చెప్పాల్సిన పన్లేదు.

స్టైలో అనే పశువుల మేత గింజ నా దగ్గర ఒక సంచి ఉండాది, మీ మామ బస్సుకు వేసి పంపిస్తాడు. దాని తోలు గట్టిది, కాగిన నీళ్ళు కొంచెం ఆరినాక దాంట్లో కాసేపు ఉంచి తీసి నీడలో ఆరబెట్టు, ముంగారి మొదటి తడి పడినాక రాళ్ళ సందుల్లో చల్లు. దున్నాల్సిన పన్లేదు.

మీ అత్త