క్యాసెట్లో హరికథ, సీడీలో ఊరి సంచిక: మనవల దాకా చేరేదెలా?

ప్రశ్న: మా నాన్నగారు 1980లలో కావలి చుట్టుపక్కల ఊళ్లలో జరిగిన హరికథలను, చెక్కభజనలను క్యాసెట్లలో రికార్డు చేసి పెట్టారు. మా ఊరి గ్రంథాలయం వారు చాలా ఏళ్ల కిందట వేసిన ప్రత్యేక సంచిక పేజ్‌మేకర్ (అచ్చుకు పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్లు ఒక సీడీలో ఉన్నాయి. తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. ఇవన్నీ ఒక హార్డ్‌డిస్కులోకి ఎక్కిస్తే మా మనవల కాలం దాకా ఉంటాయా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఎక్కించి బీరువాలో పెట్టేస్తే ఉండవండీ. శిలాశాసనాన్ని ఎవరూ పట్టించుకోకపోయినా వందల ఏళ్లు నిలుస్తుంది. డిజిటల్ ఫైలును మాత్రం ఎవరో ఒకరు కొన్నేళ్లకోసారి తెరిచి చూస్తూ, కొత్త పరికరంలోకి మారుస్తూ ఉండాలి. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే బుక్ అనే భూముల లెక్కల గ్రంథాన్ని నేటికీ చదవవచ్చు. దాని తొమ్మిది వందల ఏళ్ల సందర్భంగా 1986లో బీబీసీ లేజర్ డిస్కుల మీద తయారుచేసిన కొత్త డూమ్స్‌డేను చదివే యంత్రాలు మాత్రం పదిహేనేళ్లు తిరిగేసరికే కరువై, అందులోని సమాచారాన్ని దక్కించుకోవడానికి పరిశోధకులు ప్రత్యేకంగా పూనుకోవలసి వచ్చింది.

ముందు క్యాసెట్ల పని చూడండి. టేప్ రికార్డర్లూ వాటిని బాగుచేసేవారూ ఏటికేడు తగ్గిపోతున్నారు, పైగా మన కోస్తా తేమకు టేపు తొందరగా బూజు పడుతుంది. క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఇంకా విరవకుండా ఉంటే ఇప్పుడే విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత శబ్దం చెరిగిపోదు. క్యాసెట్ కిటికీలోంచి చూసినప్పుడు టేపు చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని ప్లేయర్‌లో పెట్టవద్దు, తెలిసినవారి చేత శుభ్రం చేయించండి. ప్లేయర్‌లో టేపును తాకే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వైరు ద్వారా నేరుగా కంప్యూటర్‌లోకి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్థాయిలో, శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ (WAV) ఫైలుగా ఎక్కించండి. చుట్టాలకు పంపడానికి ఎంపీ3 వేరుగా చేసుకోవచ్చు గాని, దాచవలసింది వేవ్ ఫైలునే. క్యాసెట్లను కూడా పారేయకండి.

ఇక సంచిక. అన్ని భాషల అక్షరాలకూ ఏ కంప్యూటర్‌లోనైనా ఒకే సంకేతం ఉండేలా చేసే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, మన డీటీపీ కేంద్రాలు ఆ తరవాత కూడా చాలా ఏళ్లు ‘అను’ వంటి పాత ఫాంట్లతోనే నడిచాయి. వాటిలో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరానికి కేటాయించిన స్థానంలో కూర్చుంటుంది కాబట్టి, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌కు ఇంగ్లీషే కనబడుతుంది. పేజ్‌మేకర్, ఆ ఫాంట్లు ఇంకా ఉంచుకున్న డీటీపీవారు నెల్లూరులోనో ఒంగోలులోనో దొరికితే, వారి చేత ముందు ఫాంట్లు ఇమిడి ఉన్న పీడీఎఫ్ చేయించండి. తరవాత యూనికోడ్‌లోకి మార్పించి, అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని ఒకరు కూర్చుని ప్రూఫులు దిద్దాలి. వత్తులూ గుణింతాలూ తారుమారయ్యేది అక్కడే. సీడీలో సమాచారం నిలిచే రంగు పొర ఎండకూ వేడికీ చెడిపోతుంది కనుక ఈ పని వాయిదా వేయకండి.

వీటన్నిటికన్నా నేను గట్టిగా కోరేది వివరాలు రాసి పెట్టమని. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. ఒంగోలు, కందుకూరు, కనిగిరి తాలూకాల శాసనాలు కూడా అందులో ఉన్నాయి. శాసన పాఠంతో పాటు అది ఏ ఊళ్లో, ఏ గుడి దగ్గర, ఏ రాతి మీద ఉందో కూడా రాశారు కాబట్టే అది నేటికీ పనికివస్తోంది. మీ హరికథ చెప్పిన దాసుగారెవరు, ఏ ఊరు, ఏ తిరునాళ్ల, హార్మోనియం ఎవరిది, మృదంగం ఎవరిది అన్నవి తెలిసిన పెద్దలు ఉన్నప్పుడే అడిగి, ప్రతి ఫైలుకూ ఒక చిన్న కాగితం రాసి, దాన్ని కూడా టైపు చేయించి ఫైలు పక్కనే పెట్టండి. ఆ వివరాలు లేకపోతే యాభై ఏళ్ల తరవాత వినేవారికి అది ఎవరిదో తెలియని ఒక గొంతు మాత్రమే.

ప్రతులు మూడు ఉండాలి, వాటిలో ఒకటైనా వేరే ఊళ్లో ఉండాలి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద చూసినవారికి ఈ జాగ్రత్త ఎందుకో విడమరచి చెప్పనక్కరలేదు. కళాకారుల కుటుంబాలు ఒప్పుకుంటే పుస్తకాలూ రికార్డింగులూ అందరికీ ఉచితంగా అందించే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో కూడా ఉంచవచ్చు. ఆ అనుమతిని కాగితం మీద తీసుకోండి.

ప్రశ్న: మా ఫొటోలన్నీ ఫోన్‌లోనూ, గూగుల్ ఖాతాలోనూ ఉన్నాయి. అది చాలదా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: చాలదు. 2014 సెప్టెంబరు 30న, ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్ అనే గూగుల్ వారి వెబ్‌సైటు మూతపడ్డప్పుడు మనవాళ్లు ఎందరో అక్కడ పెట్టుకున్న ఫొటోలు పోగొట్టుకున్నారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గి, తీసిన తేదీ వివరాలు కూడా పోతాయి. ముఖ్యమైన వాటిని డాక్యుమెంటుగా పంపండి. రెండేళ్ల పాటు వాడని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు కాబట్టి, సెట్టింగులలో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ తెరిచి, మీ తరవాత ఆ ఫొటోలు ఎవరి చేతికి అందాలో వారి ఈమెయిలును ఈ వారంలోనే నమోదు చేయండి. ఆ సంగతి వారికి కూడా చెప్పండి.