కణంలోకి చక్కెర వెళ్లే దారిపై పరిశోధన: డాక్టరు కాకపోయినా పని ఉంటుందా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరంలో ఉంది. మా అమ్మకు చాలాకాలంగా షుగర్. పోషకాలు కణాల్లోకి ఎలా చేరతాయి, అక్కడ తేడా వస్తే జబ్బులెలా వస్తాయి అన్న విషయంపై పరిశోధన చేస్తానని అమ్మాయి అంటోంది. బీఎడ్ చేయించాలని నా ఆలోచన. డాక్టరు కానివాళ్లకు ఇందులో పనేమిటి?

జవాబు: మీ అమ్మగారి మందుల చీటీలో ‘గ్లిఫ్లోజిన్’ అని ముగిసే పేరు ఉందేమో చూడండి. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 గ్రాముల గ్లూకోజును వడకట్టి, దాదాపు అంతటినీ తిరిగి రక్తంలోకి పంపుతాయి. ఆ పనిలో అధిక భాగం ఎస్‌జీఎల్‌టీ2 అనే రవాణా ప్రోటీన్‌ది. 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి తీసిన ఫ్లోరిజిన్ ఇచ్చిన ఆధారంతో, ఆ ప్రోటీన్‌ను అడ్డుకుని చక్కెరను మూత్రంలో పోనిచ్చే ఈ గ్లిఫ్లోజిన్ మాత్రలు 2010 తరువాత వాడుకలోకి వచ్చాయి. ఈ ప్రయాణంలో వైద్యులతో పాటు రసాయన, జీవరసాయన శాస్త్రవేత్తల శ్రమా ఉంది.

అసలు ఆసక్తికరమైన ప్రశ్న కండరంలో ఉంది. గ్లట్4 అనే వాహకం మామూలు వేళల్లో కణం లోపలి సూక్ష్మమైన సంచుల్లో ఉండి, ఇన్సులిన్ సంకేతం అందగానే పైపొరకు చేరి గ్లూకోజును లోనికి తెస్తుంది. టైప్ 2 మధుమేహంలో కండరంలో ఆ వాహకం లేకపోవడం కన్నా, పిలిచినప్పుడు తగినంతగా పైకి రాకపోవడమే పెద్ద లోపం. నడిచేటప్పుడు మాత్రం కండరం ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే దాన్ని పైకి రప్పించుకుంటుంది. ఆ సంకేతం ఏ మెట్టు దగ్గర తడబడుతోందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు గనుక, మీ అమ్మాయికి చేయవలసిన పని మిగిలే ఉంది.

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ గానీ బయోటెక్నాలజీ గానీ ఎంచుకోమనండి. ఐఐటీల వంటి సంస్థల్లో ఎమ్మెస్సీ ప్రవేశానికి జరిగే జామ్ పరీక్ష బయోటెక్నాలజీ పేపరులో ప్లస్ టూ స్థాయి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు కూడా అడుగుతారు. జీవశాస్త్రం పిల్లలు సాధారణంగా చిక్కుకునేది అక్కడే, కాబట్టి ఆ పుస్తకాలు ఇప్పుడే మళ్లీ తీయాలి. బరంపురంలో 2016లో మొదలైన ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యా, పరిశోధన సంస్థ, భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) మీకు మరీ దూరమేమీ కావు. వీలైతే ఒక వేసవి ఏదైనా కణ ప్రయోగశాలలో గడపనివ్వండి. పండుగైనా ఆదివారమైనా వేళకు వెళ్లి కణాలకు పోషక ద్రవం మార్చి, బూజు పట్టిందేమోనని సూక్ష్మదర్శిని కింద చూడడం ఆమెకు విసుగు పుట్టిస్తే, ఆ సంగతి ముందే తెలియడం మంచిది.

డబ్బు విషయం దాచను. కేంద్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక భృతి వస్తే మొదట నెలకు 37,000 రూపాయలు, అర్హతను బట్టి ఇంటి అద్దె భత్యం అందుతాయి. రాకపోతే పీహెచ్‌డీ చేసే అయిదారేళ్లు ఇంటికి భారమే కావచ్చు. ఎమ్మెస్సీతో ఆగినా మందుల కంపెనీల పరీక్షా విభాగాల్లో అవకాశాలుంటాయి గానీ, తొలి జీతాలు మీరు ఊహించేంత ఉండవు. అందుకని బీఎడ్ దరఖాస్తును మానుకోవద్దు. ఆ ఫారమూ జామ్ ఫారమూ రెండూ ఈ ఏడాదే నింపించి, సీట్లు వచ్చాక నిర్ణయం అమ్మాయికి వదిలేయండి.